తలుపు తట్టి లోపలికి

నాకు బొద్దింకంటే భయం. ఈ మాట నలుగురిలో చెప్పడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. నవ్వదలచుకున్నవారు ఇక్కడే నవ్వేయండి. ముందు ముందు నవ్వడానికి వీల్లేని సంగతులు కొన్ని వస్తాయి.

మాది మంథని అవతల చిన్న పల్లె. పురుగూ పుట్రా మధ్య పెరిగినదాన్నే. ఇంట్లో తేలు కనిపిస్తే చెప్పు తీసి కొట్టేదాన్ని. పత్తికి పచ్చపురుగు పట్టినప్పుడు నాయినతోపాటు సాళ్ల వెంట తిరిగి, పురుగుల్ని ఏరి డబ్బాలో వేసేదాన్ని. వాటి వల్ల నాకు ఏనాడూ ఒళ్లు జలదరించలేదు. బొద్దింక ఒక్కటే వేరు. ఆరేళ్లప్పుడు చీకటి గదిలో బెల్లం కుండలో చెయ్యి పెట్టాను. దొంగతనమే. లోపల్నుంచి ఏదో వేళ్ల మీదుగా పాకి, మోచెయ్యి దాటి, గౌను చేతిలోకి దూరింది. అరిచానో లేదో గుర్తులేదు. దాని కాళ్ల ముళ్లు చర్మానికి తగిలిన తీరు మాత్రం ఇప్పటికీ గుర్తే. ఆ రాత్రి నుంచి నేను గోడ పక్కన పడుకోవడం మానేశాను. ఒకవైపు నానమ్మ, ఒకవైపు అమ్మ, మధ్యలో నేను. ఇద్దరు మనుషులు కంచెలా ఉన్నన్నాళ్లూ నా భయం ఎవరికీ తెలియలేదు. అది ఎంత పెద్దదో నాకూ తెలియలేదు.

2003లో పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. మా ఇంట్లో అంతదాకా చదివిన ఆడపిల్ల లేదు. అంతకుముందు రెండేళ్లు పత్తి చేతికి రాలేదు. ఇక చాలనే నాయిన అనుకున్నాడు. గోదావరిఖనిలో ఉండే మా చిన్నమ్మ భర్త, నేను చిన్నాయిన అంటాను, సింగరేణిలో బొగ్గుబాయి పనిచేసేవాడు. “పిల్లను నేను చదివిస్త. ఫీజు నాది, హాస్టల్ నాది” అని ఆయనే వచ్చి నన్ను తీసుకెళ్లి ఇంటర్ బైపీసీలో చేర్పించాడు. ఎట్లాగైనా నన్ను నర్సును చెయ్యాలని ఆయన కోరిక. యైటింక్లయిన్ కాలనీలో ఆయనది రెండు గదుల క్వార్టరు. అందులో ఆయన తల్లిదండ్రులు, చిన్నమ్మ, ముగ్గురు పిల్లలు. ఎనిమిదో మనిషికి చాప పరిచే చోటు కూడా లేదు. అందుకే హాస్టల్.

నేను గోదావరిఖనిలో బస్సు దిగిన రోజుల్లో ఊరు మామూలుగా లేదు. 2003 జూన్ 16న అక్కడి సెవెన్ ఎల్ఈపీ గనిలోకి ఒక్కసారిగా నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అది జరిగి పది రోజులు కూడా కాలేదు. చౌరస్తాలో టీకొట్ల దగ్గర మనుషులు గుంపులుగా నిలబడి ఉన్నారు గానీ గొంతులు పెద్దగా వినిపించడం లేదు. చిన్నాయిన పనిచేసేది వేరే బాయి. నా ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని ముందు నడుస్తూ, ఎదురైన ప్రతివాళ్ల దగ్గరా ఆగి రెండు మాటలు మాట్లాడి, మళ్లీ నడిచాడు. ఆ ఊళ్లోకి నేను బొద్దింక భయాన్ని వెంటబెట్టుకుని వచ్చాను.

హాస్టల్ అంటే పెద్దగా ఊహించుకోకండి. బజారు వెనక సందులో ఒక పాత ఇల్లు, దాన్ని అంటిపెట్టుకుని ఒక రేకుల గది. మా గది అదే. ఎనిమిది ఇనుప మంచాలు, వాటి కింద ఎనిమిది ట్రంకు పెట్టెలు. ఒక గోడకు అవతల వంటిల్లు. ఇంకో గోడకు అవతల బాత్‌రూములు. అంటే బొద్దింకలకు ఒక పక్క భోజనశాల, ఇంకో పక్క నీళ్ల వసతి, మధ్యలో దారికి అడ్డంగా మేము. రామగుండం ఎండల సంగతి మీకు తెలిసే ఉంటుంది. వేసవి వచ్చిందంటే పేపర్లో ఉష్ణోగ్రతల పట్టికలో పైవరసలో కనిపించే పేరు అది. ఆ ఏడు జూన్ నెలాఖరుకు కూడా రేకులు రాత్రి పదింటిదాకా సెగ కక్కాయి. ఆ ఉక్కకు మోరీలోంచి, తలుపు సందుల్లోంచి అవి బారులు తీరి వచ్చేవి. వేడి ఎక్కువైన రాత్రుల్లో రెక్కలు విప్పి ఎగిరేవి కూడా. పాకే బొద్దింక ఎటు పోతుందో కొంత అంచనా కట్టవచ్చు. ఎగిరే బొద్దింకకు దారీ తెన్నూ ఉండదు. అది ఎవరి మీద వాలాలో దానికే తెలియదు.

మొదటి రాత్రే కరెంటు పోయింది. చీకట్లో పుస్తకాల అట్టల మీద గరగరమని చప్పుడు. నేను చున్నీతో చెవులు బిగించి కట్టుకుని, మంచం మధ్యలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. తెల్లవారుజామున ఫస్ట్ షిఫ్ట్ వాళ్ల సైకిళ్ల చప్పుడు సందులో వినపడేదాకా అలాగే ఉన్నాను. రెండో రాత్రీ అంతే. నెల తిరిగేసరికి నాకు హాస్టల్లో గుడ్లగూబ అని పేరు పడింది. రాత్రి మేలుకోవడం, పగలు క్లాసులో తూగడం. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ జరిగి కిటికీ రెక్కలు గలగలలాడినప్పుడు మాత్రం ఉలిక్కిపడి లేచేదాన్ని.

ఉపాయాలు చెయ్యకపోలేదు. లక్ష్మణరేఖ సుద్ద కొని మంచం చుట్టూ గీతలు గీశాను. సీతమ్మవారికే పనికిరాని గీత నాకేం పనికొస్తుంది? పైగా ఆ సుద్ద అంటిన చేత్తోనే అన్నం తిన్నాను. అందులో ఉన్నది పురుగుమందు అన్న ఆలోచన కూడా లేదు. ఇంకోసారి డబ్బులు పోగుచేసి స్ప్రే డబ్బా కొన్నాను. గదంతా కొట్టి, తలుపులు కిటికీలు బిగించి పడుకున్నాం. తెల్లారేసరికి ముగ్గురికి వాంతులు, మిగతావాళ్లకు తలనొప్పి. బొద్దింకలు బాత్‌రూముల వైపు వలసపోయి, రెండు రోజుల తర్వాత సకుటుంబంగా తిరిగొచ్చాయి. హాస్టల్ ఆమెకు చెబితే, “నాలుగు గోడలన్నాక పురుగులుండయా? నువ్వేమన్న కలెక్టర్ బిడ్డవా?” అంది.

తోటిపిల్లలు చెడ్డవాళ్లు కారు. కానీ భయపడేవాళ్లను చూస్తే భయపెట్టాలనిపించడం ఆ వయసు లక్షణం. ఒకరోజు నా జామెట్రీ బాక్సులో చచ్చిన బొద్దింకను పెట్టారు. క్లాసులో బాక్సు తెరిచిన నేను బెంచీ మీద నుంచి వెనక్కి పడ్డాను. తల వెనక రెండు కుట్లు పడ్డాయి. ఆ తర్వాత వాళ్లే ఏడ్చారనుకోండి. ధైర్యం చెప్పేవాళ్ల గోల ఇంకో రకం. “అది నిన్ను తింటదా?”, “నువ్వెంత, అదెంత?” ఈ లెక్కలు నాకు రాక కాదు. దాని బరువు ఎంతో, నా బరువు ఎంతో నాకూ తెలుసు. రాత్రి పన్నెండింటికి మెడ వెనక ఏదో కదిలినట్టయినప్పుడు ఆ లెక్క ఎవరికి గుర్తొస్తుంది?

చిన్నాయిన ప్రతి ఆదివారం సైకిల్ మీద వచ్చేవాడు. టిఫిన్ క్యారియర్‌లో చిన్నమ్మ వండిన కోడికూర తెచ్చేవాడు. “అంత మంచిదేనా బిడ్డా?” అనేవాడు. “మంచిదే” అనేదాన్ని. భూమి కింద పనిచేసి వచ్చిన మనిషి, గోళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని నలుపున్న మనిషి. ఊరు ఇంకా ఆ 17 మంది గురించి మాట్లాడుకుంటోంది. ఆయన ముందు కూర్చుని బొద్దింక అని ఎట్లా అనను? నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నన్ను భయం కంటే సిగ్గే ఎక్కువగా తినేసింది. భయం రాత్రికే వచ్చేది. సిగ్గు పగలు కూడా ఉండేది.

క్వార్టర్లీలో ఫిజిక్స్, జువాలజీ తప్పాను. దసరా సెలవులకు ఇంటికి వెళ్లి, మళ్లీ హాస్టల్‌కు పోనని చెప్పేశాను. కారణం అడిగితే చదువు ఎక్కడం లేదన్నాను. అమ్మ లోలోపల సంతోషించింది. పక్క ఊళ్లో ఒక సంబంధం ఉందట. నాయిన మాత్రం చాలాసేపు బీడీ కాలుస్తూ కూర్చుని, “మీ చిన్నాయిన కట్టిన పైసలు ఎట్ల తిరిగిద్దాం?” అన్నాడు. అదొక్కటే మాట. పండగ వెళ్లిన మూడో రోజు బస్సెక్కాను.

వచ్చి వారమైందో లేదో, అక్టోబర్ 16న జీడీకే 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది చనిపోయారు. ఒకే ఏడాది, ఒకే ఊరు, నాలుగు నెలల్లో రెండోసారి. కబురు కాలేజీకి చేరేసరికి క్లాసు మధ్యలోనే పిల్లలు లేచి పరుగెత్తారు. మాలో సగం మంది బాయి కార్మికుల బిడ్డలే. ఎవరి నాయిన ఏ బాయిలో, ఏ షిఫ్టులో ఉన్నాడో ఒకరినొకరు అడుగుతూ ఏడుస్తూ పోయారు. నేనూ ఆటో పట్టుకుని కాలనీకి పోయాను. చిన్నాయిన పనిచేసేది ఆ బాయిలో కాదని తెలిసినా కాళ్లు ఆగలేదు. చిన్నమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ఆయన దవాఖాన వైపు పోయాడట. చీకటిపడ్డాక వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా కాళ్లు కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ఆ ఆదివారం నేనే వాళ్లింటికి పోయాను. మర్నాడు ఆయనకు ఫస్ట్ షిఫ్ట్. బూట్లు తుడిచి గుమ్మం పక్కన పెట్టుకుంటున్నాడు. నా నోటి నుంచి అనుకోకుండా వచ్చేసింది, “చిన్నాయినా, నీకు భయం కాదా?” అని.

ఎందుకు కాదన్నట్టు చూశాడు. “భయం కాకుంటెట్ల బిడ్డా? ఇరవై ఏండ్ల సంది దిగుతున్న. ఇయ్యాల్టికి గూడ దిగేటప్పుడు కడుపుల దేవినట్టైతది.”

“మరి ఎట్ల పోతవు?”

“భయాన్ని ఇంట్ల పెట్టి పోరాదు. ఎంబడి తీస్కపోవాలె. అండ్ల పోయినంక ముందుగాల కూసోం. కర్ర తీస్కొని పైన రూఫ్ కొట్టి సూస్తం. ఠంగుమంటే గట్టిగున్నట్టు. పగిలిన కుండ లెక్క డొల్లగ సప్పుడైతే దాని కింద నిలబడద్దు. సర్దార్ సూసిపోతడు, అయినా మేం గూడ సూసుకుంటం. రోజూ కొట్టాలె. నిన్న కొట్టిన గద అంటే నడవది. భయం లేదనెటోడు కొట్టడు. అసొంటోని పక్కన పనిజేసుడంటేనే నాకు భయం.”

అప్పుడు చెప్పాను. బెల్లం కుండ దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆ ఇంట్లో, ఆ వారంలో, బొద్దింక గురించి. చిన్నమ్మకు నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన నవ్వలేదు. “గట్లనా” అన్నాడు. కాసేపాగి, “మా దగ్గర గూడ ఉంటయి. ఎలుకలు, బొద్దింకలు. టిఫిన్ డబ్బా కింద పెట్టం, పైన తలిగిస్తం. అవి తిరుగుతున్నయంటే అక్కడ గాలి మంచిగున్నట్టే అని పాతోళ్లు అనెటోళ్లు” అన్నాడు.

ఇది పాతవాళ్ల నమ్మకమే తప్ప పరీక్ష కాదు. గాలిని చూడటానికి గనుల్లో సాధనాలు ఉంటాయి. 1815లో హంఫ్రీ డేవీ తయారుచేసిన రక్షణ దీపం అట్లాంటిదే. మంట ఎత్తు చూసి మీథేన్ పోగయిందో లేదో, ప్రాణవాయువు తగ్గిందో చెప్పేవారు. బ్రిటన్ గనుల్లో పంజరంలో కెనరీ పిట్టల్ని వెంట తీసుకెళ్లే అలవాటు 1986 దాకా ఉంది. కానీ ఆ రాత్రి నాకు డేవీ దీపం కంటే చిన్నాయిన మాటే ఎక్కువ పనిచేసింది. నేను ఎవర్ని చూసి ప్రాణం గుప్పెట్లో పెట్టుకుంటున్నానో, వాళ్లను చూసి ఊపిరి పీల్చుకునే మనుషులు ఉన్నారన్నమాట.

వచ్చేటప్పుడు గేటు దగ్గర ఆయనే అన్నాడు, “నువ్వు గూడ కొట్టి సూసి పో.”

సోమవారం నుంచి నేను గదిలోకి ఊరికే పోవడం మానేశాను. తలుపు మీద మూడుసార్లు గట్టిగా తట్టేదాన్ని. పది అంకెలు లెక్కపెట్టేదాన్ని. అప్పుడు తలుపు తీసి, చెయ్యి మాత్రం లోపల పెట్టి లైటు వేసేదాన్ని. తర్వాత అల్మారా చెక్క మీద తట్టడం, ట్రంకు పెట్టె మూత మీద తట్టడం, పడుకోబోయే ముందు మంచం కోడు మీద తట్టడం. పిల్లలు “బొద్దింకలకు బెల్లు కొడుతున్నది” అని నవ్వారు. నవ్వనీ. బాత్‌రూము తలుపు తట్టి పది లెక్కపెట్టి తెరిస్తే అక్కడ ఒక్కటీ కనిపించేది కాదు. మోరీ జాలీ కింద మీసాలు మాత్రం ఊగుతుండేవి.

దీని గుట్టు మా జువాలజీ మేడం చెప్పింది. బొద్దింక వెనక భాగాన రెండు చిన్న కొమ్ముల్లాంటివి ఉంటాయి. వాటి మీద సన్నటి వెంట్రుకలు. వెనక నుంచి గాలి కాస్త కదిలినా ఆ వెంట్రుకలకు తెలిసిపోతుంది. అందుకే మనం చెప్పు ఎత్తేలోపే అది పరుగు లంకించుకుంటుంది. అడుగుల అదురు కాళ్లకు తెలుస్తుంది. వెలుతురు దానికి గిట్టదు. అంటే చప్పుడు చేసి కాసేపు ఆగడమంటే, దానికి పారిపోయే వ్యవధి ఇవ్వడమే. ఆలోచిస్తే నన్ను భయపెట్టింది బొద్దింక ఒక్కటే కాదు, అది ఉన్నట్టుండి కనిపించడం. తలుపు తట్టిన రోజు నుంచి ఉలిక్కిపడే వంతు దానిదైంది.

ఆ మేడమే ఇంకో పని చేసింది. నేను ప్రాక్టికల్స్‌కు ఎందుకు ఎగ్గొడుతున్నానో తెలుసుకుని, ఫార్మలిన్‌లో ఉన్న బొద్దింక సీసా ఒకటి నా చేతికిచ్చింది. చేతికిచ్చిందంటే అబద్ధం. పేపర్లో చుట్టి, సంచిలో పెట్టి, ఆ సంచి నా స్నేహితురాలి చేతికిచ్చింది. “గదిలో నీకు ఎంత దూరంలో ఉంటే ఊపిరాడుతుందో అంత దూరంలో పెట్టు. వారానికి ఒక అడుగు దగ్గరికి జరుపు” అంది. సీసా మొదటి వారం గది బయట వరండా చివర ఉంది. రెండో వారం గుమ్మం దగ్గరికొచ్చింది. మావాళ్లు దానికి సర్పంచ్ అని పేరు పెట్టారు. “సర్పంచ్ ఇయ్యాల ఏ వార్డుకొచ్చిండే?” అని పొద్దున్నే అడిగేవాళ్లు. డిసెంబర్ నాటికి సర్పంచ్ మా కిటికీలోకి వచ్చాడు. సంక్రాంతికి ముందు నా బల్ల మీదికి వచ్చాడు. మందులో మునిగి, మా చేతుల కంటే శుభ్రంగా ఉన్న ఆ సీసా పక్కన నా మంచినీళ్ల గ్లాసు పెడితే మాత్రం తాగలేకపోయేదాన్ని. ఈ సంగతి మీద అమెరికాలో పాల్ రోజిన్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 1986లో ఒక పరిశోధన ప్రచురించారు. క్రిములేవీ లేకుండా శుద్ధి చేసిన చచ్చిన బొద్దింకను పళ్లరసంలో ఒక్కసారి ముంచి తీస్తే, ప్రమాదం లేదని తెలిసినా జనం ఆ రసాన్ని తాగడానికి ఇష్టపడలేదు. అంటే నేను ఒంటరిదాన్ని కాను. భయం పోయినా అసహ్యం పోదు. అవి రెండూ ఒకటి కావు.

మేడం చేయించిన దానికి కూడా పెద్ద చరిత్రే ఉందని నర్సింగ్‌లో మానసిక శాస్త్రం చదివినప్పుడు తెలిసింది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆమె, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పసివాడి కథ ప్రచురించింది. వాడికి ఇష్టమైన తిండి పెడుతూ కుందేలు పంజరాన్ని కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చింది. చివరికి వాడే కుందేలును నిమిరాడు. 1958లో జోసెఫ్ వోల్పే ఇదే దారిని ఒక చికిత్సా పద్ధతిగా పుస్తకంలో రాశాడు. మా మేడం వీళ్లను చదివిందో లేదో నేను అడగలేదు. భయం మరీ ముదిరి తిండీ నిద్రా పోయినవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడమే మంచిది. జామెట్రీ బాక్సులో బొద్దింక పెట్టడం చికిత్స కాదు. అది ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను.

మేడం ఒకరోజు బొద్దింక పాఠం చెబుతూ ఇంకో మాట అంది. గోదావరి లోయలోని బొగ్గు 25 కోట్ల నుంచి 30 కోట్ల ఏళ్ల కిందటి అడవులది. బొద్దింకల పూర్వీకుల్లాంటి పురుగులు అప్పటికే భూమి మీద ఉన్నాయి. “మీ నాయినలు తవ్వుకొచ్చేది ఆ కాలపు చెట్లనే” అంది. క్లాసంతా నిశ్శబ్దం. నాకు మాత్రం మా రేకుల గదిలో అద్దెకున్నది మేమేననీ, ఇంటివాళ్లు అవేననీ అనిపించింది.

ఇంటివాళ్లయినా సరే, ఖాళీ చేయించక తప్పలేదు. దానికి మందు చిన్నాయినే తెచ్చాడు. కాలనీ క్లబ్బులో క్యారమ్స్ ఆడేవాళ్లు బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్. గోధుమపిండి, చక్కెర, చెంచా పాలు కలిపి చిన్న ఉండలు చేసి, ట్రంకు పెట్టెల వెనక, వంటింటి గోడ మూలల్లో పెట్టాం. ఇది స్ప్రేలాగా వెంటనే పనిచెయ్యదు. పురుగు దాన్ని తింటుంది, కాళ్లకు అంటిన పొడిని నాకుతుంది, కొన్ని రోజులకు చస్తుంది. గుడ్ల సంచులకు ఏమీ కాదు. ఒక్కో సంచిలో పదిహేను దాకా పిల్లలుంటాయి కాబట్టి కొన్ని వారాల తర్వాత మళ్లీ పెట్టాలి. పసిపిల్లలున్న ఇళ్లలో జాగ్రత్త, అదీ విషమే. మోరీకి సన్నటి జాలీ వేయించాం. మంచాల కింద అటుకులూ చెగోడీలూ దాచుకోవడం మానేశాం. అది అన్నింటికంటే కష్టమైంది. రెండు నెలలకు గదిలో చెప్పుకోదగ్గ తేడా వచ్చింది. హాస్టల్ ఆమె మా దగ్గర పౌడర్ అడిగి తీసుకుని తన వంటింట్లో పెట్టుకుంది. కలెక్టర్ బిడ్డ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

భయం పోయిందా అంటే పోలేదు. మార్చిలో జువాలజీ పరీక్ష ముందు రాత్రి ఒకటి ఎగిరొచ్చి నా పుస్తకం మీద వాలింది. కెవ్వుమని అరిచి, దుప్పటితో సహా వరండాలో పడ్డాను. అయిదు నెలల సాధన, సర్పంచ్, మూడు తట్లు అన్నీ ఏమయ్యాయో. కానీ ఒక తేడా ఉంది. పావుగంట తర్వాత నేనే లేచి, గుమ్మం తట్టి, పది లెక్కపెట్టి లోపలికి వెళ్లాను. మిగతా ఏడుగురూ నా వెనక నిలబడి ఉన్నారు. వాళ్లకూ భయమేనట. ఇన్నాళ్లూ నన్ను చూసి నవ్వుతూ దాచుకున్నారు.

ఇంటర్ అత్తెసరు కంటే కాస్త మెరుగ్గా పాసై నర్సింగ్‌లో చేరాను. ఇప్పటికి పదిహేనేళ్లకు పైగా డ్యూటీలు చేస్తున్నాను. రాత్రి డ్యూటీలో స్టోరు గది తెరిచేముందు తలుపు తడతాను. “లోపల ఎవరున్నారు సిస్టర్?” అని కొత్తగా వచ్చిన అమ్మాయిలు అడుగుతుంటారు. నా బిడ్డకు ఈ బాధ లేదు. బొద్దింకను మీసాలు పట్టుకుని ఎత్తి, “అమ్మా, ఇగో” అని చూపిస్తుంది. నేను సోఫా ఎక్కుతాను.

చిన్నాయిన రిటైరై చాలా ఏళ్లయింది. బాయిలో యంత్రాల మోతకు చెవులు దెబ్బతిన్నాయి. గట్టిగా అంటే తప్ప వినపడదు. పోయిన దసరాకు వెళ్లినప్పుడు, ఆయన కట్టుకున్న ఇంటి వరండా స్లాబుకు సన్నటి చీలిక కనిపించింది. కుర్చీ వెయ్యబోయిన నన్ను చేత్తో ఆపాడు. మూలన ఉన్న చేతికర్ర తీసుకుని, మెడ వెనక్కి వంచి, స్లాబును ఒకచోట తట్టాడు. ఇంకోచోట తట్టాడు. చెవి పైకి పెట్టి విన్నాడు. ఆయనకు ఏమీ వినపడలేదు. నా వైపు తిరిగి, “ఎట్లున్నది బిడ్డా?” అన్నాడు.

మళ్లీ కొట్టమన్నాను. కొట్టాడు. విన్నాను.

“గట్టిగనే ఉన్నది చిన్నాయినా” అని ఆయన చెవి దగ్గర అరిచి చెప్పాను. అప్పుడు ఇద్దరం కుర్చీలు వేసుకున్నాం.